సదరు మాట

తిరుపతిలో తాసిల్దారు కచేరీ పక్కన
జిరాక్సు అంగడి మెట్లకు ఆనుకొని
ఇరవై రెండేండ్లుగా అర్జీలు కొడతా ఉండాను.
మిషను పాతది. వొత్తులు తడబడతాయి.
సున్నా మాత్రం గట్టిగా పడి
కాగితానికి బొక్క పెడుతుంది.

తిట్ల తగాదాలకు నాకొక వాక్యం ఉంది,
అరిగి అరిగి నున్నబడిన వాక్యం:
"చెప్పరాని మాటలతో దూషించినాడు."
గట్టు కాడ తిట్టినా అదే,
కుళాయి కాడ తిట్టినా అదే.
చేతికి మైల అంటదు.

గంగజాతర చాటింపయిన రెండో దినం
ఒకామె వచ్చి కూర్చుంది.
పేరడిగితే కుప్పమ్మ అనింది,
అని, నా మొగం చూసి, తనే చెప్పింది:
ముందు పుట్టినోళ్లు ముగ్గురూ దక్కలేదంట,
ఈమెను పెంటకుప్ప మీద పడుకోబెట్టి
చేటలో ఎత్తుకొచ్చుకున్నారంట.
"చావుకు అసయ్యం పుట్టాలని పెట్టిన పేరు సామీ.
పుట్టింది. అందుకే ఉండా."

రైల్వేస్టేషను ఎదర లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది.
లెక్కలో తువ్వాలొకటి తగ్గిందని
మేనేజరు ఒక మాట అన్నాడు.
కూతురు పక్కనే ఉంది, కాలేజీ ఫీజుకని వచ్చి.

కొట్టినాను. చదివి వినిపించినాను.
"చెప్పరాని మాటలతో..."
"నిలుపు. వాడు చెప్పినాడు కదా?
చెప్పరానిదైతే ఎట్ల చెప్పె?
ఆ మాట యాడ పోయె? రాయి."
"అది రాసేది కాదమ్మా."
"వినేదా మరి?"

అంతలో సందు మలుపులోంచి
ఒళ్లంతా కుంకుమ పూసుకొని, నడుముకు వేపమండలు చుట్టుకొని
బండవేషం పిల్లోడొకడు వచ్చినాడు, మీసాలు కూడా రాలేదు.
నన్ను తిట్టినాడు, జిరాక్సాయన్ని తిట్టినాడు,
కుప్పమ్మ ముందర నిలబడి
సరిగ్గా ఆ మాటే అన్నాడు,
వాళ్లమ్మనీ, అవ్వనీ కలిపి.
ఆమె తలమీదికి పైట లాక్కొని
రెండు చేతులూ ఎత్తి మొక్కింది.
కొంగుముడి విప్పి ఐదు రూపాయల బిళ్ల ఇచ్చింది.

నేను ఊరుకుంటే పోయేది.
"ఇదే కదమ్మా ఆ మాట?" అన్నాను.
"ఆ బిడ్డ తిట్టింది నాకు పట్టిన పీడని.
ఆయప్ప తిట్టింది నన్ను.
ఇన్ని కాగితాలు రాసినోడివి, ఆ మాత్రం తెలీదా?"

రెండే అక్షరాలు.
లంచంలో మొదటిది, జడలో మొదటిది.
లంచమని ఎన్ని వేల తూర్లు కొట్టినానో,
ఒక్కపొద్దూ వేలు వణికింది లేదు.
జడ మా మనవరాలి వాచకంలో ఉంది, ఎర్ర రిబ్బను బొమ్మతో.
పక్కపక్కన కూర్చోబెట్టే దానికి చెయ్యి రాలేదు.
ఎదురుగా ఆమె, కదలకుండా.
మొదటిది కొట్టినాను. సున్నా పడి బొక్క పడింది.
రెండోది కొట్టినాను.
మిషను ఏమీ అనలేదు.
"సదరు మాటను నా కుమార్తె ఎదుట" అని
కిందికి పోయినాను.

మూడో దినం తిరిగొచ్చింది.
స్టేషన్లో చదివినాయన
కాగితాన్ని గోటితో తోసేసినాడంట:
"ఆడమనిషివి, ఇట్లాంటివి రాయిస్తావా? సిగ్గులేదా?"
ఆ మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టినాడు.
మేనేజర్ని ఎవురూ పిల్చలేదు.

"మార్చి కొట్టాల్నా?"
"వొద్దు. అట్లే కొట్టు. ఈ తూరి పై ఆఫీసరుకు."

కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు తీసినాను.
నాలుగోది బాగా మసక,
లాడ్జి పేరు కూడా తెలీలేదు.
సున్నా కాడ మాత్రం
నాలుగింటికీ ఒకటే బొక్క.
కుప్పమ్మ ఎండకు ఎత్తి అందులోంచి చూసింది,
మడిచి రొంటిన దోపుకొనింది.

వంద ఇచ్చింది. ఇరవై తిరిగిచ్చినాను.
రెండు తూర్లు లెక్కపెట్టుకొని పోయింది.